రచ్చబండ మీద చోటెవరికి?

డేరియస్ కజెమీ అనే అమెరికన్ ప్రోగ్రామర్ 2019లో ‘రన్ యువర్ ఓన్ సోషల్’ అని ఒక పొడవాటి వ్యాసం రాశాడు. ఫేస్‌బుక్, ట్విటర్ల సంతలో ఊపిరాడనివాళ్ళు తమ స్నేహితుల కోసం సొంతంగా ఒక చిన్న సోషల్ నెట్‌వర్క్ ఎలా నడుపుకోవచ్చో చెప్పే కరదీపిక లాంటిది. యాభై మంది, మహా అయితే వంద మంది చాలంటాడు. అప్పటికే తను నడుపుతున్న ‘ఫ్రెండ్ క్యాంప్’ అనుభవమే దానికి ఆధారం.

మా వృత్తిలో అందరం ‘స్కేల్’ అన్న మాటకి దణ్ణం పెట్టేవాళ్ళమే. లక్ష మందికి పనిచేసేది కోటి మందికి పనిచేయకపోతే మా లెక్కలో అది లోపం. కజెమీ ఈ లెక్కని తల్లకిందులు చేస్తాడు. కోట్ల మందికి కలిపి ఒకే నియమావళి రాస్తే అది ఎవరికీ సరిగ్గా అతకదు. యాభై మందైతే కూర్చుని తమకి కావలసినట్టు రాసుకోవచ్చు. సర్వర్ని చూసుకోవడం కన్నా మనుషుల్ని చూసుకోవడమే అసలు పని అని ఒక ప్రోగ్రామర్ ఒప్పుకోవడం నాకు బాగా నచ్చింది.

చిన్నగా ఉంటే బయటి ప్రపంచంతో తెగతెంపులని కాదు. మాస్టడాన్ లాంటి సర్వర్లు ‘యాక్టివిటీపబ్’ అనే ఉమ్మడి పద్ధతిలో ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. 2018లో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం దాన్ని ప్రమాణంగా ఆమోదించింది. మాస్టడాన్‌ని కాస్త మార్చి కజెమీ చేసిన రూపం పేరు ‘హోమ్‌టౌన్’. అందులో మనం రాసింది మన సర్వర్ దాటి పోకుండా ఆపుకోవచ్చు. ఇంట్లో అనే మాట వేరు, బజార్లో అనే మాట వేరు అని మన అమ్మమ్మలకి తెలిసిన సంగతే.

ఆ ఉత్సాహంలో నేనూ ఒకటి పెట్టాను. కాలేజీ స్నేహితులం ముప్ఫై మందిమి. ఏడాది పాటు సినిమాలు, పుస్తకాలు, పిల్లల ఫొటోలతో హాయిగా గడిచింది. ఒకరోజు రిజర్వేషన్ల ప్రస్తావన వచ్చింది. ఇద్దరు ముగ్గురు జోకులేశారు. నేను చూశాను. మనవాళ్ళే కదా అని ఊరుకున్నాను. ఆ వారమే ఒక స్నేహితుడు అకౌంట్ తీసేసి వెళ్ళిపోయాడు. ఫోన్ చేస్తే, “అక్కడ ముక్కూ మొహం తెలియనివాడు అంటే బ్లాక్ చేసి ఊరుకుంటాను. ఇక్కడ నువ్వు చూస్తుండగా అన్నారు. నిన్నేం చెయ్యాల్రా?” అన్నాడు.

నియమాలు రాసుకోమని కజెమీ గట్టిగానే చెప్పాడు. నేను రాయలేదు. అది నా తప్పే. కానీ వ్యాసంలోనూ ఒక వెలితి కనిపిస్తోంది. అందులో ‘స్నేహితులు’ అన్న మాట నిలదీయకుండానే సాగిపోతుంది. మనకి స్నేహితులు ఎక్కణ్ణుంచి వస్తారు? ఊరు, కాలేజీ, కులం ముందే వడకట్టి ఇచ్చినవాళ్ళలోంచే కదా ఎక్కువమంది. తెలుగు వికీపీడియాలో అందరూ చర్చించుకునే చోటుకి ‘రచ్చబండ’ అని పేరు పెట్టుకున్నాం. ముద్దుగానే ఉంది. కానీ ఊళ్ళో రచ్చబండ మీద ఎవరు కూర్చున్నారు, ఎవరు చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డారు అన్నది కూడా ఆ పేరులోనే ఉంది.

అలాగని మళ్ళీ ఆ పెద్ద సంతకే పోదామని నేననను. అక్కడ నా స్నేహితుడు ఆ ప్రశ్న ఎవర్ని అడగాలి? ఫిర్యాదు ఫారం నింపితే ఏ మనిషి చదువుతాడో, అసలు చదువుతాడో లేదో తెలీదు. ఇక్కడ పేరు పెట్టి నిలదీయడానికి ఒకడు దొరికాడు. చిన్న సమూహం గొప్పతనం ఆత్మీయతలో లేదు, ఈ జవాబుదారీలో ఉంది. అది లేకపోతే ముప్ఫై మంది గుంపు మూడు కోట్ల గుంపు కన్నా ఎక్కువ గాయపరుస్తుంది. పారిపోవడానికి జనం చాటు కూడా ఉండదు మరి.

ఇప్పుడు మా దగ్గర నియమాలున్నాయి. మా కాలేజీ కాని ఇద్దరు నాతోపాటు అడ్మిన్లుగా ఉన్నారు. అతన్ని మళ్ళీ రమ్మన్నాను. ఇంకా రాలేదు.

కజెమీ వ్యాసం తప్పకుండా చదవండి. ‘స్నేహితులు’ అన్న మాట దగ్గర మాత్రం ఒక్క నిమిషం ఆగి, మీ జాబితాలో ఎవరెవరు లేరో చూసుకోండి.