ఎనిమిదో నెల కుక్క

వినాయక చవితి దగ్గర పడుతుంటే మా రాజమండ్రిలో కుక్కల్ని పెంచుకునేవాళ్ల దగ్గర్నుంచి నాకు ఒకే తరహా ఫోన్లు వస్తుంటాయి. "మొన్నటిదాకా పిలిస్తే తోకూపుకుంటూ వచ్చేదండి, ఇప్పుడు విననట్టే పోతోంది." "పాలబ్బాయి మీదికి ఎగబడుతోందండీ, చిన్నప్పట్నుంచీ ఎరిగినోడే." "పొగరెక్కిందండి దీనికి, ఎవరికైనా ఇచ్చేద్దామనుకుంటున్నాం." కుక్క వయసెంతని అడుగుతాను. ఎనిమిది నెలలంటారు, తొమ్మిదంటారు. ఆ మాట వినగానే నాకు సగం విషయం తెలిసిపోతుంది.

ఈ వయసుకీ ఈ కాలానికీ లంకె ఉంది. మన ఊరకుక్కలు ఎక్కువగా వానాకాలం చివర్లో జతకడతాయి. చిత్త కార్తె, అంటే అక్టోబరు రెండో వారం నుంచి ఉండే రోజులు, కుక్కల గుంపులకు పేరు పడింది అందుకే. చూలు తొమ్మిది వారాలు. కాబట్టి పిల్లలు ధనుర్మాసంలో కళ్లు తెరుస్తాయి. సంక్రాంతికి అమ్మమ్మగారింటికొచ్చిన పిల్లలు వాటిని చంకనేసుకు తిరుగుతారు, ఒకటీ అరా ఇంట్లోనే ఉండిపోతాయి. అలా పెరిగిన కుక్కకి భాద్రపదం వచ్చేసరికి ఎనిమిదో నెలో తొమ్మిదో నెలో నడుస్తుంటుంది, చిత్తకి పదో నెల. ఒళ్లు పెద్దదైపోయి, మెదడు ఇంకా కుదురుకోని ఆ సమయంలోనే వీధి చివర పందిరి లేస్తుంది. మైకు సెట్టు, డప్పులు, నిమజ్జనానికి బాణసంచా, ఆ వెనకే దీపావళి. పైగా గాలిలో ఎదకొచ్చిన ఆడకుక్క వాసన. కొనుక్కొచ్చిన లాబ్రడార్ ఏ నెలలో పుట్టినా ఈ వయసు దానికీ తప్పదు. మన వీధి పిల్లకి మాత్రం అన్నీ ఒకేసారి మీద పడతాయి.

మాట వినకపోవడం గురించి ఇంగ్లండులో న్యూకాసిల్ విశ్వవిద్యాలయానికి చెందిన లూసీ ఆషర్, మరికొందరు కలిసి చేసిన పరిశోధన 2020లో 'బయాలజీ లెటర్స్' పత్రికలో వచ్చింది. అంధులకు దారి చూపించడానికి పెంచుతున్న కుక్కల్ని ఐదో నెలలోనూ ఎనిమిదో నెలలోనూ పరీక్షించారు. ఎనిమిదో నెలలో అవి కూర్చోమంటే పెంచినవాళ్ల మాట తక్కువ విన్నాయి, కొత్తవాళ్ల మాట మాత్రం విన్నాయి. నేర్చుకున్నది మరిచిపోయి ఉంటే ఎవరు చెప్పినా వినకూడదు కదా. ఇంట్లో అమ్మ పిలిస్తే పలకని కుర్రాడు పక్కింటి పిన్నిగారు పిలిస్తే "ఏంటండీ" అంటూ లేచినట్టే. ఏడాది నిండేసరికి వాటిలో చాలావరకు తిరిగి దారికొచ్చాయి. అంటే ఈ గండం నాలుగైదు నెలలది. ఆ నెలల్లోనే మనం కర్ర తీసుకుంటే, గొలుసు వేసి కొబ్బరిచెట్టుకు కట్టేస్తే, ఆ భయం పెద్దయ్యాక కూడా దాన్ని వదలదు.

ఫోన్లో నేను అడిగే రెండో ప్రశ్న, ఎప్పట్నుంచి అని. "నెలా నెలన్నర నుంచి కొంచెం కొంచెంగా" అంటే అది వయసు. "మొన్న మంగళవారం నుంచి" అంటే నా గుండె కాస్త ఝల్లుమంటుంది. ఒక్కసారిగా మారిన కుక్కని ముందు జబ్బు కుక్కగానే చూడాలన్నది ఇన్నేళ్లలో నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం. మన డెల్టా ఉక్కకి, తడికి చెవుల్లో చీము పడుతుంది, తల నిమరబోతే కరవబోతుంది. పిడుదుల వల్ల వచ్చే జ్వరంలో తిండి మానేసి మూలన పడుకుంటుంది, చిగుళ్లు పాలిపోతాయి, కొన్నిసార్లు మూత్రం కాఫీ రంగులోకి తిరుగుతుంది. ఆడకుక్క ఎద అయిన రెండు నెలలకు మంచం కింద దూరి చెప్పునో పిల్లల బొమ్మనో ఒడిలో పెట్టుకుని గుర్రుమంటుంటే రొమ్ములు చూడండి. చూలు కట్టకపోయినా ఒళ్లు కట్టిందనే అనుకుంటుంది, పాలు కూడా పడతాయి. పాపం, అది పిల్లని కాచుకుంటోంది. చెప్పు లాక్కుని దాన్ని కొట్టకండి.

వీటన్నిటికంటే ముందు అనుమానించాల్సింది రేబిస్. నెమ్మదైన కుక్క ఊరికే కరవడం, మీద పడే కుక్క చీకట్లో దాక్కోవడం, అరుపు మారిపోవడం, దవడ వేలాడి చొంగ కారడం దాని గుర్తులు. గొంతులో ఎముక అడ్డుపడిందనుకుని నోట్లో చెయ్యి పెట్టకండి. కరిచినా గీరినా పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. బొడ్డు చుట్టూ సూదుల కాలం ఎప్పుడో పోయింది, ఇప్పుడు చేతికి వేస్తారు. లక్షణాలు బయటపడ్డాక మాత్రం దాదాపు ఎవరూ బతకరు.

జబ్బు లేదని తేలితే అప్పుడు మిగతా సంగతి. భీమవరం వైపు ఒక రొయ్యల చెరువు మకాం దగ్గర కాపలాకి పెంచిన కుక్క, మేత తెచ్చే ఆటో అబ్బాయి మీదికి ఉన్నట్టుండి లేస్తోందన్నారు. వెళ్లి గట్టు మీద కూర్చుని చూశాను. వాన మొదలయ్యాక ఆ అబ్బాయి రైన్‌కోటు టోపీ ముఖం మీదికి లాక్కుని వస్తున్నాడు, ఆ కుక్క ఎరిగిన మనిషి ఆకారమే మారిపోయింది. ఈ వయసులో కుక్కకి కొత్తది ఏదైనా ఇట్టే భయం, ఆ భయమే మనకి కోపంలా కనబడుతుంది. రైన్‌కోటు మకాం తాటాకు మీద ఆరేసి, కుక్క బెదరనంత దూరంలో కోడి కాలేయం ముక్కలు పెడుతూ రోజూ కొంచెం దగ్గరికి జరపమన్నాను. తొందరపడలేదు వాళ్లు. కార్తీకమాసానికి ఆ కుక్క ఆటో చప్పుడుకే తోకూపింది.

మైకు సెట్లకీ ఇదే పద్ధతి, కాకపోతే పండగకి నెల ముందే మొదలెట్టాలి. పండగ రోజున లోపలి గదిలో, కిటికీ మూసి, పక్కన మనిషి ఉంటే చాలు. గోదావరి గట్టు మీద నడకకి తెల్లవారకముందే తీసుకెళ్లండి, జనం తక్కువ. పిలిస్తే రాని నెలల్లో పొడవాటి నూలు తాడు వదలకూడదు. మగకుక్క గోడ దూకి తిరగడం తగ్గడానికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ పనిచేస్తుంది. బెదురుకి అది మందు కాదు, ఈ తేడా డాక్టరుగారితో మాట్లాడుకున్నాకే ఒప్పుకోండి.

ఈ నెలల్లోనే సంతలో, రైల్వేస్టేషన్ దగ్గర, లంకల్లో ఎన్నో కుక్కల్ని దింపేసి వస్తున్నారు. మీ ఇంట్లో ఎనిమిదో నెల కుక్క ఉంటే దయచేసి ఆ పని చెయ్యకండి. రేబిస్ టీకా వేయించారో లేదో ఈ వారమే చూసుకుని, పశువుల ఆసుపత్రిలో ఒకసారి చూపించి, ఉగాది దాకా ఓపిక పట్టండి.