పల్నాటి కథకు భారతం కన్నా దగ్గరి చుట్టం

పల్నాటి వీరచరిత్ర ప్రస్తావన వచ్చినచోటల్లా మనవాళ్ళు ‘పల్నాటి భారతం’ అనేస్తారు. ఆ పోలిక ఊరికే పుట్టలేదు. జూదం బదులు కోడిపందెం, ఓడినవాళ్ళకు ఏడేళ్ళ వలస, గడువు తీరాక అలరాజు రాయబారం, చివరికి దాయాదుల యుద్ధం. బాలచంద్రుడిలో అభిమన్యుడు కనిపిస్తాడు, బ్రహ్మనాయుడిలో కృష్ణుడు. బడి రోజుల నుంచీ వింటున్న మాట కనుక ఎవరూ తిరిగి ప్రశ్నించరు. నాకు మాత్రం ఈ పోలిక కథ నడక దగ్గరే ఆగిపోతుందనిపిస్తుంది. మనుషులు యుద్ధానికి ఎలా కూడారు, ఆ కూడికలో దేవుడు ఎక్కడున్నాడు అని అడిగితే, పల్నాటి కథకు భారతం కన్నా దగ్గరి చుట్టం ఒకటుంది. అది బైబిలులోని న్యాయాధిపతుల గ్రంథం.

ఈ మాట మా విన్నిపెగ్ సాహితీ మిత్రుల మధ్య అన్నప్పుడు కొందరు నవ్వారు, ఒకరిద్దరు నొచ్చుకున్నారు. గురజాల వైపు నుంచి వచ్చిన ఒకావిడ మాత్రం “ఇందులో వింతేముందండీ, మా ఊళ్ళో రెండూ వింటూనే పెరిగాం కదా” అన్నారు. నిజమే. లూథరన్ మిషనరీ హయ్యర్ 1842లో గుంటూరు వచ్చి, 1849లో పల్నాడులోని గురజాలకు మకాం మార్చాడు. ఆ నేల మీద ఈ రెండు కథలూ తెలుగులోనే, తరాల తరబడి పక్కపక్కన వినిపిస్తున్నాయి.

బైబిలు పరిచయం లేనివారికి రెండు మాటలు చెప్పాలి. తెలుగు బైబిలులో ‘న్యాయాధిపతి’ అంటే కోర్టులో కూర్చునే జడ్జి మాత్రమే కాదు; ఆపదలో జనాన్ని కూడగట్టి ముందు నడిచే నాయకుడు, ఒక్కచోట నాయకురాలు. ‘గోత్రం’ అంటే మన పెళ్ళి సంబంధాల గోత్రం కాదు. ఒక మూలపురుషుడి పేరు చెప్పుకుంటూ తమ పొలిమేరల్లో తాము బతికే తెగ. ఇశ్రాయేలుకు అలాంటి గోత్రాలు 12. రాజు లేడు, జీతమిచ్చే సైన్యం లేదు. శత్రువు వచ్చినప్పుడు కబురు పంపాలి, వచ్చినవాళ్ళతో పోరాడాలి.

ఆ గ్రంథం 5వ అధ్యాయంలో దెబోరా పాట ఉంది. హీబ్రూ బైబిలులోని అతి ప్రాచీన కవితల్లో ఇదొకటని పండితులు చాలామంది అంటారు. సీసెరా అనే కనాను సేనాపతి దగ్గర 900 ఇనుప రథాలున్నాయి. దెబోరా ప్రవక్త్రి, తీర్పులు చెప్పే మనిషి. ఆమె బారాకును యుద్ధానికి వెళ్ళమంటుంది. నువ్వు వస్తేనే వెళ్తాను, లేకపోతే వెళ్ళనంటాడు బారాకు. పిరికితనం అంటారు కొందరు వ్యాఖ్యాతలు. నేను అలా అనుకోను. అతనికి దేవుడి సన్నిధి కళ్ళెదుట ఉండాలి, ఆ సన్నిధి ఆ క్షణాన ఒక స్త్రీ రూపంలో ఉంది. తర్వాత కీషోను వాగు పొంగి శత్రువును కొట్టుకుపోతుంది. అంటే దేవుడు తన వంతు చేశాడు. కానీ పాటలో కవి మనసంతా అక్కడ లేదు. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అన్న హాజరు పట్టీ దగ్గర ఉంది.

ఎఫ్రాయిము, బెన్యామీను, మాకీరు, జెబూలూను, ఇశ్శాఖారు, నఫ్తాలి వచ్చారు. గిలాదు నది అవతలే ఉండిపోయాడు. దాను ఓడల దగ్గర, ఆషేరు సముద్రతీరాన. మేరోజు అనే ఊరికైతే శాపమే. యూదా, షిమ్యోను, లేవి పేర్లు అసలు ఎత్తనే లేదు! 1930లో మార్టిన్ నోత్ అనే జర్మన్ పండితుడు, ప్రాచీన గ్రీకు కూటముల మాదిరిగా 12 గోత్రాలూ ఒకే ఆలయం చుట్టూ కట్టుబడి ఉండేవని సిద్ధాంతం చేశాడు. అది కొన్ని దశాబ్దాలు రాజ్యమేలి తర్వాత వీగిపోయింది. ఈ పాటను జాగ్రత్తగా చదివితే చాలు, ఐక్యత ముందే ఉన్న వస్తువు కాదని తెలుస్తుంది. పిలిచిన ప్రతిసారీ కొత్తగా కట్టుకోవలసిన పందిరి అది.

రూబేను సంగతి విడిగా చెప్పాలి. అతను శత్రువు పక్షం కాదు, రానని కూడా అనలేదు. గొర్రెల దొడ్ల మధ్య కూర్చుని, మందల కోసం ఊదే పిల్లనగ్రోవులు వింటూ, వెళ్ళాలా వద్దా అని గొప్పగా ఆలోచించాడు. అంతే. మూడువేల ఏళ్ళ కింది ఈ వెటకారం విన్నిపెగ్‌లో ఫిబ్రవరి రాత్రి చదివితే గుచ్చుకుంటుంది. ఊళ్ళో ఎవరికో ఒంట్లో బాగాలేదని కబురు వస్తుంది, పొలం తగాదా వస్తుంది, వరదో ఎన్నికో వస్తుంది. మనం టికెట్ ధరలు చూస్తాం, సెలవులు లెక్కపెడతాం, పిల్లల పరీక్షలు చూస్తాం. ఆలోచన మాత్రం గొప్పగానే ఉంటుంది.

పల్నాటికి వద్దాం. 12వ శతాబ్దం చివర జరిగిందని చెప్పే ఈ యుద్ధానికి పాఠాలు రెండు. ఒకటి శ్రీనాథుడి పేర ఉన్న ద్విపద, అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చువేయించింది. రెండోది విద్యావంతులనే మాల గాయకులు తరతరాలుగా పాడుతున్నది. అలిసెట్టి గాలెయ్య పాడగా రికార్డు చేసి జీన్ రోగెయిర్ చేసిన అనువాదం 1982లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు వేశారు. నా వాదనకు ఈ రెండో పాఠమే ఆధారం.

బ్రహ్మనాయుడు జనాన్ని కూడగట్టింది చాప మీద. అన్ని కులాలవాళ్ళూ ఒకే చాపపై కూర్చుని తినడం, అదే చాపకూడు. మాల కన్నమదాసును కొడుకుగా చేసుకుని సేన అప్పగించాడు. బాలచంద్రుడి వెంట తమ్ముళ్ళుగా నడిచినవాళ్ళలో కుమ్మరి, చాకలి, మంగలి, కంసాలి ఉన్నారు. దేవుడు మాచర్ల చెన్నకేశవుడు. అయితే ఆ దేవుడు కీషోను వాగులా పొంగి ఎవరినీ గెలిపించడు. ఆయన సన్నిధి చాప పరిచే చోటే ఉంది.

పోలిక తేడా కొట్టేదీ ఇక్కడే. ఇశ్రాయేలు గోత్రాల మధ్య ఎంత వైరమున్నా, ఒకడు ముట్టిన అన్నం ఇంకొకడు తినని పరిస్థితి లేదు. కనుక బ్రహ్మనాయుడి పని దెబోరా పని కన్నా కష్టం. మన అభ్యుదయ విమర్శకులు చాపకూడును సాంఘిక విప్లవంగా పొగుడుతారు. పొగడవచ్చు, కానీ ఆ చాప మీద కూర్చున్నవాళ్ళు మర్నాడు చావబోయేవాళ్ళని మరిచిపోతారు. చావులో సమానత్వం ఇవ్వడం ఏ నాయకుడికైనా కొంత సులువే.

ఇక రానివాడి సంగతి. బాలచంద్రుడి తమ్ముళ్ళలో అనపోతు బ్రాహ్మణుడు. అతను యుద్ధంలో చావకూడదని బాలచంద్రుడు ఏదో మరిచిపోయిన వస్తువు తెమ్మని వెనక్కి పంపిస్తాడు. అసలు సంగతి లేఖలో చదివి అనపోతు ప్రాణం తీసుకుంటాడు. కావాలని ఉండిపోయిన రూబేనుకు దక్కింది వెటకారం. రాకుండా ఆపబడిన అనపోతుకు దక్కింది కారంపూడి వీరుల మధ్య చోటు. పల్నాటి గాయకుడికి హాజరు పట్టీ కన్నా మనిషి ముఖ్యం. భారతంలో ఇలాంటి ఘట్టం నాకు కనిపించదు. అక్కడ బలరాముడు తీర్థయాత్రలకు వెళ్ళి హాయిగా తిరిగొస్తాడు.

దేవుడు వెంట ఉంటే గెలుపు ఖాయమని రెండు కథలూ అనవు. ఫిలిష్తీయుల చేతిలో 4000 మంది పోయాక ఇశ్రాయేలీయులు నిబంధన మందసాన్ని యుద్ధభూమికి మోసుకొచ్చారు. ఈసారి 30,000 మంది పోయారు, మందసమూ శత్రువుల పాలైంది (ఇది సమూయేలు మొదటి గ్రంథంలోని కథ). పల్నాటిలోనూ వీరులంతా పడిపోయాక బ్రహ్మనాయుడు నలగామరాజుకే రాజ్యమిచ్చి గుత్తికొండ బిలంలోకి వెళ్ళిపోయాడంటారు.

మా ఊరి చరిత్రలోనూ దీని ఛాయ ఒకటుంది. విన్నిపెగ్ సెయింట్ బోనిఫేస్‌లో సమాధి ఉన్న మెటీ నాయకుడు లూయీ రియల్ 1885 పోరాటంలో తనను ప్రవక్తగానే భావించాడు. డక్ లేక్ దగ్గర శిలువ చేత పట్టుకుని గుర్రం మీద నిలబడ్డాడు. యుద్ధం తెలిసిన గాబ్రియెల్ డ్యూమాంట్ రాత్రిపూట దెబ్బతీద్దామన్నా రియల్ మాటకే కట్టుబడ్డాడు, బారాకులాగా. ఇంగ్లీషు మాట్లాడే మెటీలు చాలామంది తటస్థంగా ఉండిపోయారు. బటోష్‌లో ఓటమి, రెజైనాలో ఉరి. 2008 నుంచి మానిటోబాలో ఫిబ్రవరి మూడో సోమవారం ఆయన పేర సెలవు.

న్యాయాధిపతుల గ్రంథం గెలుపు పాటతో ముగిసి ఉంటే నేనీ వ్యాసం రాసేవాణ్ణి కాదు. చివరి మూడు అధ్యాయాల్లో పిలుపు మళ్ళీ వస్తుంది. గిబియాలో బెన్యామీనీయుల దౌర్జన్యానికి బలైన ఒక స్త్రీ శరీరాన్ని ఆమె మనిషే 12 ముక్కలు చేసి అన్ని ప్రాంతాలకూ పంపుతాడు. దెబోరా పాటకు కూడని జనం ఈ పిలుపుకు ఒక్క మనిషిలా కూడారు. 4 లక్షల మంది! శత్రువు ఎవరు? సొంత తమ్ముడు బెన్యామీను. దేవుణ్ణి అడిగే వెళ్ళారు. అయినా మొదటిరోజు 22,000, రెండోరోజు 18,000 మంది పోయారు. మూడోసారి గెలిచారు. బెన్యామీనులో 600 మంది మగవాళ్ళు మిగిలాక, అయ్యో ఒక గోత్రం తెగిపోయిందే అని దేవుడి ఎదుటే కూర్చుని ఏడ్చారు. తర్వాత హాజరు పట్టీ తీశారు. యాబేష్గిలాదు వాళ్ళు రాలేదని తేలింది. 12,000 మందిని పంపి ఆ ఊరిని నరికించారు, ఆ తమ్ముడి వంశానికి పెళ్ళికూతుళ్ళ కోసం 400 మంది కన్యలను మాత్రం మిగిల్చి. రూబేనును వెక్కిరించి వదిలేసిన జనమే ఇది. అందరూ ఒక్కటైనప్పుడు, రానివాడి గతి ఇలా మారింది.

2014లో రాష్ట్రం రెండైనప్పుడు ఈ దేశంలోనూ మన సంఘాల్లో ఎవరు ఏ సభకు వచ్చారు, ఎవరు రాలేదు అని పట్టీలు రాసుకున్నవాళ్ళున్నారు. వాటిలో కొన్ని ఇంకా చింపలేదు.

కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకు మొదలయ్యే తిరునాళ్ళు ఐదు రోజులు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. ఊళ్ళ నుంచి వీరుల ఆయుధాలు వస్తాయి, వాటికి నాగులేటిలో స్నానం చేయిస్తారు. మందపోరు నాడు చాపకూడు. గాలెయ్య పాఠం మీలో ఎవరైనా లైబ్రరీలో తెప్పించుకుని చదివితే పక్కన బైబిలు కూడా పెట్టుకోండి. దెబోరా పాట ముందు చదివి, 19 నుంచి 21 అధ్యాయాలు తర్వాత చదవాలి. పిల్లలకు వినిపించేటప్పుడు మాత్రం 19వది వదిలేయండి.