పిల్లి ఎత్తున నిలబెట్టిన కెమెరా

'ఫ్లో' సినిమాలో ఒక్క మాట లేదు. మనిషీ లేడు. ఉన్నది ఎవరయ్యా అంటే ముదురు బూడిదరంగు పిల్లి, లాబ్రడార్ కుక్క, ఎప్పుడూ నిద్రమొహంతో కూర్చునే దక్షిణ అమెరికా జంతువు కాపిబారా, తోకకు చారలున్న లీమర్, పొడుగు కాళ్ళ సెక్రటరీ పక్షి. వరదొచ్చి లోకమంతా మునిగిపోతుంటే ఇవన్నీ ఒక్కొక్కటిగా ఒకే తెరచాప పడవ ఎక్కుతాయి. 85 నిమిషాల కథ అంతే. లాత్వియాకు చెందిన గింట్స్ జిల్బలోడిస్ తీసిన ఈ సినిమాను మొదటిసారి 2024 మేలో కాన్ చలనచిత్రోత్సవంలో వేశారు. 2025 మార్చిలో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ గెలిచింది. ఆ దేశానికి అదే తొలి ఆస్కార్.

ఆ ఏడు పోటీలో పెద్ద పెద్ద సినిమాలున్నాయి. పిక్సార్ వారి 'ఇన్‌సైడ్ అవుట్ 2'కు అయిన ఖర్చు సుమారు 20 కోట్ల డాలర్లు. డ్రీమ్‌వర్క్స్ 'ది వైల్డ్ రోబో'కు 7.8 కోట్ల డాలర్లు. 'ఫ్లో' మొత్తం ఖర్చు 35 లక్షల యూరోలు, అంటే మన లెక్కలో ముప్ఫై కోట్ల రూపాయల పైచిలుకు. దాంతో అందరూ దీన్ని పేదవాడి గెలుపుగా చెప్పుకోవడం మొదలుపెట్టారు. అలా మెచ్చుకుంటే సినిమాకు అన్యాయం చేసినట్టే. డబ్బు లేకపోవడం ఎవరికీ గొప్ప కాదు. ఉన్న డబ్బుతో ఏది చేయాలో, అంతకన్నా ముఖ్యంగా ఏది మానేయాలో తెలియడం గొప్ప. ఈ సినిమా బలాలు, లోపాలు రెండూ ఆ ఒక్కచోటి నుంచే పుట్టాయి.

ముందు కెమెరా సంగతి. యానిమేషన్ సినిమా అంటే మామూలుగా ప్రతి షాటూ ముందే బొమ్మలుగా గీసుకుంటారు. ఆ స్టోరీబోర్డు ప్రకారమే అంతా నడుస్తుంది. జిల్బలోడిస్ ఆ పని పెట్టుకోలేదు. అడవినీ, పడవనీ కంప్యూటర్‌లో త్రీడీలో కట్టి, లేని కెమెరాను చేత్తో పట్టుకున్నట్టుగా అందులో తిరుగుతూ షాట్లు వెతుక్కున్నాడు. అందుకే ఆ కెమెరాకు ఒక మనిషి తడబాటు ఉంటుంది. పిల్లి దూకితే కెమెరా ఒక లిప్త ఆలస్యంగా అటు తిరుగుతుంది. పిల్లి ఏదో విని ఆగితే కెమెరా రెండడుగులు ముందుకు పోయి వెనక్కి చూస్తుంది. ముందే అన్నీ తెలిసిన కెమెరా అలా ప్రవర్తించదు.

మొదటి పది నిమిషాలే తీసుకోండి. కుక్కల గుంపు ఒక చేప కోసం కొట్లాడుకుంటుంటే సందు చూసి పిల్లి దాన్ని నోట కరుచుకు పారిపోతుంది. కుక్కలు తరుముతాయి. కాసేపటికి అవే కుక్కలు మళ్ళీ దాని వైపు పరిగెత్తుకొస్తాయి. పిల్లి బిగుసుకుపోతుంది. అవి దాన్ని కనీసం చూడకుండా దాటిపోతాయి. ఎందుకు? వెనకాల దుప్పుల మంద విరగబడి వస్తోంది. అవెందుకు పరిగెడుతున్నాయి? వాటి వెనక నీళ్ళు. చాలా సినిమాల్లో ముందు పైనుంచి ఏరియల్ షాట్ వేసి, కొండలంత అల చూపించి, ఆ తర్వాత పిల్లి మొహం చూపిస్తారు. ఇక్కడ కెమెరా నేల విడిచి లేవదు. దుప్పుల మొహాలకన్నా కాళ్ళే మనకు ఎక్కువ కనిపిస్తాయి. పిల్లికి తెలిసినంతే మనకూ తెలుస్తుంది, పిల్లికి తెలిసినప్పుడే తెలుస్తుంది. ఈ క్రమశిక్షణ దాదాపు చివరిదాకా తప్పదు. చాలాచోట్ల షాట్ తెగకుండా నిమిషాల తరబడి సాగుతుంది కాబట్టి, ఎడిటింగ్ తెచ్చే ఉత్కంఠను దర్శకుడు కెమెరా కదలికతోనే రాబట్టుకోవలసి వచ్చింది. రాబట్టాడు.

రెండోది, జంతువుల నటన. నటులకు సెన్సార్లు కట్టి కదలికలు పట్టే మోషన్ క్యాప్చర్ వాడలేదు. యానిమేటర్లే ఫ్రేము ఫ్రేమూ కదిపారు. పిల్లి చెవులు చూడండి. ఒకటి ముందుకుంటే ఇంకోటి పక్కకు తిరిగి ఉంటుంది. భయం, కుతూహలం రెండూ ఒకేసారి కలిగినట్టు ఇంతకన్నా చెప్పేదేముంది? ప్రాణభయంతో పడవెక్కిన పిల్లి, లీమర్ అద్దం విసిరిన వెలుగు మచ్చ కనబడేసరికి అన్నీ మరిచి దాని వెంట పడుతుంది. నవ్వొస్తుంది. నవ్వించడానికి పెట్టినట్టు మాత్రం ఉండదు. మొదట్లో నీళ్ళంటే గిలగిల కొట్టుకున్న పిల్లి తర్వాత తర్వాత మునిగి చేపలు పట్టడం నేర్చుకుంటుంది. పాత్ర మారిందని చెప్పే డైలాగూ, పాటా ఏవీ లేవు. ఈత మారుతుంది, అంతే. పట్టిన చేపల్ని పడవలో మిగతావాటి ముందు పడేస్తుంది.

గొంతులు కూడా జంతువులవే. కాపిబారా విషయంలో కాస్త మోసం చేశారు: దాని అసలు గొంతు కీచుగా ఉండి ఆ నిదానపు ఒళ్ళుకు నప్పదని ఒంటె పిల్ల గొంతు పెట్టారు. నిజాయితీ కోసం నిజాన్ని కాస్త పక్కన పెట్టడం మంచి పనివాళ్ళు చేసేదే.

బొమ్మలన్నీ బ్లెండర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చేశారు. హైదరాబాద్‌లో యానిమేషన్ నేర్చుకుంటున్న కుర్రాళ్ళ ల్యాప్‌టాప్‌లలో ఉండేదీ అదే. పెద్ద స్టూడియోల్లో ఒక్క ఫ్రేము తుది రూపానికి రావడానికి గంటలు పట్టొచ్చు, దానికి వందల కంప్యూటర్ల గుంపు, అంటే రెండర్ ఫారం, కావాలి. 'ఫ్లో'లో ఫ్రేముకు కొన్ని సెకన్లే, రెండర్ ఫారం లేదు. ఆ వేగానికి మూల్యం ఉంది, అది తెర మీద కనబడుతుంది. జంతువుల ఒంటి మీద వెంట్రుక వెంట్రుకా ఉండదు. కుంచెతో అద్దిన పట్టీల్లా రంగులుంటాయి. మబ్బు వెలుతురులో, నీటి పొగలో అది చిత్రలేఖనంలా బాగుంటుంది. మిట్టమధ్యాహ్నపు ఎండలో కుక్క దగ్గరికొచ్చి నిలబడితే మాత్రం పాత వీడియో గేమ్ గుర్తొస్తుంది. పాదాలు కొన్నిచోట్ల నేలను తాకినట్టే అనిపించవు. లాబ్రడార్ మీద పెట్టిన శ్రద్ధ దాని గుంపులోని మిగతా కుక్కల మీద పెట్టలేదు.

కథలోనూ అతుకులున్నాయి. పిల్లి ఎన్నిసార్లు నీళ్ళలో పడుతుందో! నాలుగోసారికి గుండె ఝల్లుమనడం మానేస్తుంది. ఆపదొచ్చినప్పుడల్లా ఒక తిమింగిలం సమయానికి పైకి తేలడం అనుకూలంగా అమర్చుకున్నట్టుంటుంది. జంతువులు జంతువుల్లాగే ఉంటాయని మాటిచ్చిన సినిమాలో పక్షి పడవ చుక్కాని తిప్పుతుంటే ఆ మాట కాస్త సడలుతుంది. రాతి స్తంభాల శిఖరం మీద సెక్రటరీ పక్షి వెలుగులో కలిసిపోయే ఘట్టాన్ని చాలామంది మెచ్చుకున్నారు. చూడ్డానికి అద్భుతమే. కానీ పిల్లికి తెలిసినంతే మనకు చెబుతానన్న సినిమా అక్కడ హఠాత్తుగా పిల్లికీ మనకీ ఇద్దరికీ అందని మర్మం తెచ్చిపెట్టిందని నాకనిపించింది.

'ది వైల్డ్ రోబో' పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. దానిదీ గొప్ప పనితనమే. దీవి అడవిని కుంచె గీతలతో నింపారు. రాజ్ అనే రోబో మొదట నున్నగా మెరుస్తూ వస్తుంది. దీవిలో బతికేకొద్దీ గీతలు పడి, పాచి పట్టి, చివరికి ఆ అడవి బొమ్మలో ఒక భాగమవుతుంది. ఇదొక్కటే చాలు, దర్శకుడు క్రిస్ శాండర్స్‌కు దండం పెట్టడానికి. అయితే ఆ రోబో జంతువుల భాష నేర్చుకోనంతసేపే సినిమా శిఖరాన ఉంటుంది. నేర్చుకున్నాక అందరూ మాట్లాడతారు, మాట్లాడుతూనే ఉంటారు. బొమ్మ చెప్పేసిన దాన్ని మళ్ళీ నోటితో చెబుతారు. ఆఖర్న రోబోల యుద్ధం వేరే సినిమాలోంచి వచ్చినట్టుంటుంది. 'ఇన్‌సైడ్ అవుట్ 2'లో ఆందోళన ఊపిరాడనివ్వని సుడిగాలైపోయే సీను తప్ప మిగతాది మొదటి భాగం దారే.

మన దగ్గర 2025లో 'మహావతార్ నరసింహ' తెలుగులోనూ హాళ్ళు నింపింది. బొమ్మల సినిమాకు పెద్దవాళ్ళు రారన్న మాటకు దాంతో కాలం చెల్లింది. నరసింహుడు వెలువడ్డాక ఆ ఊపు నిజంగా ఊపే. కానీ చేతిలో డబ్బు తక్కువైనప్పుడు దర్శకుడు అశ్విన్ కుమార్ బృందం హాలీవుడ్ చేసేవన్నీ తామూ చేయాలని చూసింది. బిగుసుకున్న మొహాలతో పొడుగాటి సంభాషణలు చెప్పించింది. మొహం పలకనప్పుడు దాని మీద క్లోజప్ పెట్టకూడదు. కెమెరాకు ఇంకో పని చెప్పొచ్చు. మన యానిమేటర్లు 'ఫ్లో' నుంచి ఎత్తుకోవలసింది పిల్లినీ వరదనీ కాదు, ఈ లెక్కని.

డబ్బింగూ సబ్‌టైటిల్సూ అక్కర్లేని సినిమా కాబట్టి ఇంట్లో నానమ్మనీ మనవరాలినీ పక్కపక్కన కూర్చోబెట్టి చూపించవచ్చు. మరీ చిన్నపిల్లలు మాత్రం మొదటి వరదకూ, పక్షుల కొట్లాటకూ భయపడతారు, పక్కనే ఉండండి. ఫోన్‌లో చూడకండి. తప్పదంటే మంచి ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి, ఎందుకంటే ఇందులో సగం కథ శబ్దంలో ఉంది. టైటిల్స్ మొదలవగానే లేచిపోకండి, వాటి తర్వాత ఇంకో షాట్ ఉంది.