రెండోసారి వెళ్లడం

మిర్యాలగూడకు రైలుంది. సూర్యాపేటకు, కోదాడకు లేదు. బాలల పరిరక్షణ విభాగంలో సోషల్ వర్కర్‌గా తిరిగే నాలాంటివాళ్లకు ఈ తేడా చాలా పనికొస్తుంది. ఇంట్లో గొడవపడి వెళ్లిపోయిన పిల్లవాడు రైలెక్కితే మిర్యాలగూడ ప్లాట్‌ఫారం మీద దొరుకుతాడు. బస్సెక్కితే కోదాడలో విజయవాడ హైవే పక్కన ఏ హోటల్లోనో గ్లాసులు కడుగుతూ కనిపిస్తాడు. రెండేళ్లకోసారి దురాజ్‌పల్లిలో పెద్దగట్టు లింగమంతుల జాతర జరిగినప్పుడు తప్పిపోయే పిల్లల సంగతి వేరు. మైకులో పేరు పిలిచేసరికి వాళ్ల అమ్మో తాతో ఏడుస్తూ పరిగెత్తుకొస్తారు. ఎవరూ వెతుక్కుంటూ రాని పిల్లలే మాకు మిగులుతారు.

2016 అక్టోబర్ 11న ఉమ్మడి నల్లగొండ జిల్లా విడిపోయింది. సూర్యాపేట, కోదాడ కొత్త జిల్లాలోకి వెళ్లాయి, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. కోదాడ దాటి కాస్త ముందుకెళ్తే జగ్గయ్యపేట, అక్కడ రాష్ట్రమే మారిపోతుంది. పిల్ల పుట్టింది ఒక జిల్లాలో, పెరుగుతున్నది మేనమామ ఇంట్లో మరో జిల్లాలో, దొరికింది ఇంకో రాష్ట్రం బస్సులో. ఇలాంటప్పుడు ఒక బాలల సంక్షేమ సమితి నుంచి మరో సమితికి ఫైలు కదలాలి. ఫైలు కదిలినంత సేపూ ఆ పిల్ల చేయి పట్టుకుని ఉండాల్సిన మనిషి ఒకరు కావాలి.

ఈ కాలమ్‌లో ఏ బిడ్డ పేరూ, ఆ బిడ్డ ఊరి పేరూ రాయను. జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ అందుకు ఒప్పుకోదు. చట్టం లేకపోయినా నేను రాసేదాన్ని కాదు.

మా పని గురించి బయటివాళ్లకు తెలిసింది సాధారణంగా ఒక్క దృశ్యమే. పచ్చటి పందిరి, దాని ముందు పోలీసు జీపు, తల దించుకుని నిలబడ్డ తండ్రి. మర్నాడు జిల్లా పేజీలో బాల్యవివాహాన్ని అడ్డుకున్న అధికారులంటూ వార్త. అది అబద్ధం కాదు. పెళ్లి ఆపడానికి ఒక పూట చాలు, ఎందుకంటే చట్టం గట్టిగా ఉంది. 2006 బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండకుండా పెళ్లి చేసినవాళ్లకు 2 ఏళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. మెజిస్ట్రేటు నిషేధ ఉత్తర్వు ఇచ్చాక కూడా పెళ్లి చేస్తే అది చెల్లనే చెల్లదు. ఈ మాటలు చెప్పి, తల్లిదండ్రుల చేత హామీపత్రం రాయించుకుని, సర్పంచి, అంగన్‌వాడీ టీచరు సాక్షి సంతకాలు పెట్టాక వెనక్కి వస్తాం. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. ఆ కాగితం మీది మాట ఆరు నెలల తర్వాత కూడా నిలిచి ఉందా లేదా అన్నది రెండోసారి వెళ్లినప్పుడే తెలుస్తుంది.

ఈ పెళ్లిళ్లకు ఒక కాలం ఉంది. పదో తరగతి పరీక్షలు వేసవి మొదట్లో అయిపోతాయి. ఇంటర్ క్లాసులు ఊపందుకునేది జూన్‌లో. ఆ నడుమ పిల్ల ఏ బడి రిజిస్టరులోనూ ఉండదు. హాజరు తీసుకునే టీచరు ఉండదు, రాకపోతే అడిగే స్నేహితురాలూ ఉండదు. వైశాఖం ముహూర్తాలు కూడా సరిగ్గా అప్పుడే వస్తాయి. అందుకే మే నెలలో నాకు ఊళ్లు తిరగడమే పని. పదో తరగతి పాసైన అమ్మాయి ఇంటర్‌లో చేరిందా అని ఎవరైనా తలుపు తట్టి అడిగితే, ఆ అడగడం దగ్గరే చాలా పెళ్లిళ్లు ఆగుతాయని నా నమ్మకం.

వయసు దగ్గర పెద్ద పేచీ ఉంటుంది. "ఆధార్‌ల పద్దెనిమిది ఉంది గద మేడం" అని కార్డు చేతిలో పెడతారు. జువెనైల్ జస్టిస్ చట్టం 94వ సెక్షన్ ప్రకారం ముందు చూడాల్సింది బడి ఇచ్చిన పుట్టినతేదీ పత్రం లేదా పదో తరగతి సర్టిఫికెట్. అవి లేకపోతే మున్సిపాలిటీ, పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. ఏవీ దొరకనప్పుడే ఎముకల పరీక్ష. ఆధార్ పుట్టినతేదీకి రుజువు కాదని 2024లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కాబట్టి నేను పెళ్లింటికి వెళ్లేముందు బడికి వెళ్తాను. హెడ్మాస్టరు సంతకంతో బోనఫైడ్ చేతిలో ఉంటే పందిరి కింద గొంతు పెంచాల్సిన అవసరం రాదు.

కానీ తల్లులతో మాట్లాడేటప్పుడు ఏ సెక్షనూ పనిచేయదు. మిర్యాలగూడ పక్క ఒక తండాలో ఒకావిడ నన్నడిగిన మాటకు ఇప్పటికీ పూర్తి జవాబు నా దగ్గర లేదు. "మీరు ఇయ్యాల వస్తిరి, రేపు పోతిరి. నేను నాటుకు పోతె పొద్దుగూకినంక వస్త. ఇంట్ల వయసుకొచ్చిన పిల్లను ఎవరు జూడాలె మేడం?" సాగర్ ఎడమ కాలువ కింద నాట్లు పడే రోజుల్లో ఊరు ఊరంతా పొలాల్లోనే ఉంటుంది. పిల్ల ఒంటరిగా ఇంట్లో ఉండాలి, లేదా తల్లితో బురదలోకి దిగాలి. ఆ తల్లి పెళ్లిని కట్నం లెక్కలోనో ఆచారం లెక్కలోనో చూడటం లేదు. బిడ్డకు అది కాపలా అనుకుంటోంది. ఆ భయాన్ని మూర్ఖత్వమని రాసే రిపోర్టు మీద నేను సంతకం పెట్టను.

అందుకని నేను బస్సుల గురించి అడుగుతుంటాను. 2023 డిసెంబర్ 9 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు ఆర్టీసీ ప్రయాణం ఉచితం. ఆ ఉచితం తండా మలుపు దాకా రావాలి కదా! పొద్దున కాలేజీ వేళకు ఒక బస్సు, సాయంత్రం చీకటి పడకముందు ఒక బస్సు ఉన్న ఊళ్లో ఇంటర్ చదివే అమ్మాయిలు కనిపిస్తారు. లేని ఊళ్లో ఏదైనా హాస్టల్ సీటు కోసం పరుగులు తీస్తాం, కస్తూర్బా విద్యాలయమో గురుకులమో. కల్యాణలక్ష్మి కోసం ఆగిన ఇళ్లూ చూశాను. 2014లో 51 వేలతో మొదలై తర్వాత 1,00,116 రూపాయలైన ఆ పథకానికి పెళ్లికూతురికి 18 నిండాలన్న షరతుంది. ఆ షరతు కొన్నిచోట్ల మా హామీపత్రం కన్నా గట్టిగా పనిచేసింది. పథకం పెట్టినవాళ్లు ఈ ఒక్క సంగతికైనా సంతోషించవచ్చు.

ఇక ఇల్లు చూడటం గురించి చెప్పాలి. ఈ పనిలో నాకు అన్నిటికన్నా కష్టంగా, అన్నిటికన్నా ఇష్టంగా ఉండేది అదే. మా చేతికి వచ్చిన పిల్లను బాలల సంక్షేమ సమితి ముందు 24 గంటల్లోగా హాజరుపరచాలి, ప్రయాణ సమయం అందులో కలవదు. సమితిలో ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు. పిల్ల ఇంటికి వెళ్లాలా, హోమ్‌లో ఉండాలా, బంధువుల దగ్గర ఉండాలా అన్నది వాళ్లే తేల్చాలి. వాళ్లు ఆ ఇల్లు చూడరు. 15 రోజుల్లోగా మేమిచ్చే సామాజిక విచారణ నివేదికలోంచే చూస్తారు. కాబట్టి నేను ఏం చూశానో, ఏం రాశానో దాని మీద ఒక బిడ్డ బతుకు తిరుగుతుంది.

బాలరక్షక్ వాహనం ఉంటే దాన్ని ఊరి బయటే ఆపి నడిచి వెళ్తాను. ఆ అక్షరాలున్న బండి ఇంటి ముందు ఆగితే చాలు, వాడ మొత్తానికి ఆ పిల్ల ఒక కథ అయిపోతుంది. మధ్యాహ్నం వెళ్తాను, అప్పుడు నాయనమ్మ ఒక్కతే ఉంటుంది, అన్నీ చెబుతుంది. పొద్దుగూకాక మళ్లీ వెళ్తాను, అప్పుడు తండ్రి తాగి వస్తాడా, మామూలుగా వస్తాడా తెలుస్తుంది. పిల్ల ఎక్కడ పడుకుంటుంది, ఆ గదికి లోపలి గడియ ఉందా, మరుగుదొడ్డి ఎంత దూరం, పుస్తకాల సంచి అందేచోట ఉందా లేక అటక మీద దుమ్ము పట్టిందా. ఇవన్నీ అడిగితే చెప్పే సంగతులు కావు. చాప మీద కూర్చుని చూడాలి. పెన్ను బయటికి తీయను, రాతంతా ఊరు దాటాకే. పిల్ల చెప్పింది మాత్రం పిల్ల మాటల్లోనే రాస్తాను, నా భాషలోకి సర్దను. తల్లిదండ్రులు నిర్లక్ష్యం చేశారని ఒక్క వాక్యం రాసి చేతులు దులుపుకోవచ్చు. దాని బదులు ఆ తల్లి తెల్లవారుజామున ఎన్నింటికి లేస్తుంది, కూలి ఎంత, అప్పు ఎవరికి ఎంత, చిన్నపిల్లవాణ్ని ఎవరు ఎత్తుకుంటారు అన్నది రాస్తే సమితి ఆలోచన మారుతుంది. అప్పుడు పిల్లను తీసుకెళ్లి హోమ్‌లో పెట్టే బదులు ఇంట్లోనే నిలబెట్టే దారి వెతుకుతారు.

ఆ దారికి ఒక పేరుంది, స్పాన్సర్‌షిప్. మిషన్ వాత్సల్య కింద బిడ్డకు నెలకు 4,000 రూపాయలు. కుటుంబ ఆదాయం ఏడాదికి గ్రామాల్లో 72,000, పట్టణాల్లో 96,000 దాటకూడదు. భర్త చనిపోయిన ఆడవాళ్ల పిల్లలు, అమ్మమ్మ దగ్గర పెరిగే అనాథలు దీనికి అర్హులు. చాలామందికి ఇది ఉందనే తెలియదు. పెళ్లి ఆపిన వార్తకు దొరికే చోటులో సగం ఈ 4,000 రూపాయలకు దొరికితే ఎన్ని ఇళ్లు నిలబడేవో అనిపిస్తుంది.

మిర్యాలగూడ రైస్‌మిల్లుల్లో బీహారు నుంచి వచ్చిన కుర్రాళ్ల దగ్గర వేరే విద్య కావాలి. వయసు అడిగితే "అఠారహ్" అంటారు, మేస్త్రి నేర్పించిన మాట. నేను హిందీలో వేరేది అడుగుతాను, లాక్‌డౌన్ వచ్చినప్పుడు నువ్వు ఏ క్లాసు అని. దానికి ఎవరూ జవాబు నేర్పించి ఉండరు. 2020లో నాలుగో తరగతి అంటే లెక్క మీరే వేసుకోవచ్చు. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం ప్రకారం 14 లోపు పిల్లల చేత ఏ పనీ చేయించకూడదు, కుటుంబ పనుల్లో చిన్న మినహాయింపు తప్ప. 18 లోపు వాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ పేరుతో పోలీసులు, కార్మిక శాఖ, మేము కలిసి తిరుగుతాం. లెక్కలు వస్తాయి, ఫొటోలు వస్తాయి. ఆ పిల్లవాడిని వాళ్ల జిల్లాకు పంపాక అక్కడ బడిలో కూర్చున్నాడా అని అడగడానికి అక్కడి సోషల్ వర్కర్ నంబరు నా ఫోన్‌లో ఉండాలి. నేను ఫోన్ చేయాలి, ఆ మనిషి తీయాలి. ఇది ఏ జీవోలోనూ లేదు, ఇది లేకపోతే జనవరిలో పంపిన పిల్లవాడు జూలైలో ఇంకో మిల్లులో దొరుకుతాడు.

మా ఉమ్మడి జిల్లాకు ఒక పాత గాయం ఉంది. 1999, 2001 ప్రాంతాల్లో దేవరకొండ తండాల నుంచి ఆడశిశువులను కొని దత్తత పేరుతో దేశాలు దాటించిన వ్యవహారం బయటపడింది. పేదరికంలో మూడో, నాలుగో ఆడపిల్లను కన్న తల్లికి అప్పుడు ఎవరూ సరైన దారి చెప్పలేదు. ఇప్పుడు చట్టంలో దారి ఉంది. పెంచలేని తల్లి బిడ్డను సమితికి అప్పగించవచ్చు. మనసు మార్చుకోవడానికి 2 నెలల గడువుంటుంది. ఆ 2 నెలల్లో ఎవరో ఒకరు ఆ తల్లి దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లాలి, భయపెట్టకుండా, తొందరపెట్టకుండా. అలా వెళ్లేవాళ్లు లేనిచోటికి బేరగాడు వెళ్తాడు. 2025లో కూడా సూర్యాపేటలో శిశువులను అమ్మే ముఠాను పోలీసులు పట్టుకున్నారంటే ఆ బేరగాడు ఇంకా తిరుగుతూనే ఉన్నాడు.

మిషన్ వాత్సల్య లెక్కన ఒక జిల్లాకు ఇద్దరు సోషల్ వర్కర్లు, ఇద్దరు ఔట్‌రీచ్ వర్కర్లు. దాదాపు అందరివీ కాంట్రాక్టు ఉద్యోగాలే. సూర్యాపేట లాంటి జిల్లాలో ఉన్న ఊళ్లూ తండాలూ తలుచుకోండి. మొదటిసారి వెళ్లడానికే సరిపోని మనుషులతో రెండోసారి వెళ్లడం ఎలా కుదురుతుంది? ఏడాది చివర ఎన్ని పెళ్లిళ్లు ఆపారు, ఎంతమందిని విడిపించారు అని అడిగే పై అధికారులు, రెండేళ్ల కిందట పెళ్లి ఆగిన అమ్మాయిల్లో ఎంతమంది ఇంకా చదువుతున్నారని కూడా అడగాలి. ఆ ప్రశ్న వస్తే మనుషులనూ ఇస్తారు.

చదువరులను ఒకటి అడుగుతాను. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయడానికి డబ్బు పడదు, రాత్రీ పగలూ పలుకుతుంది, మీ పేరు బయటికి రాదు. పందిరి వేశాక చేస్తే మేము పెళ్లి ఆపగలం గానీ ఆ కుటుంబం అప్పటికే ఖర్చుపెట్టి అప్పుల్లో కూరుకుపోయి ఉంటుంది, ఆ కోపమంతా పిల్ల మీద పడుతుంది. శుభలేఖలు అచ్చువేసే ప్రెస్ వాళ్లు, ఫంక్షన్ హాల్ వాళ్లు, ముహూర్తం పెట్టే అయ్యవార్లు, ఫొటోలు తీసేవాళ్లు, మీ దగ్గరికి పెళ్లి కబురు మాకన్నా నెల ముందే వస్తుంది. పెళ్లికూతురి బడి సర్టిఫికెట్ అడగండి. చూపించకపోతే ఆ రోజే ఫోన్ చేయండి.