గ్రహణానికి వాకిలే వేదిక

సూర్యగ్రహణం అనగానే కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో ఇప్పటికీ చాలా ఇళ్ల తలుపులు మూతపడతాయి. వేములవాడ, బాసర ఆలయాలను మూసి, విడుపు తర్వాత సంప్రోక్షణ చేసి తెరుస్తారు. ఇళ్లలో పచ్చళ్ల జాడీల మీద దర్భలు వేస్తారు. అదే ఊళ్లో ఏదో ఒక వాకిట్లో మాత్రం జనం గుమిగూడి, తాంబాళంలో నీళ్లు పోసి రోకలి నిలబెడతారు. నిలబడితే గ్రహణం పట్టిందని, పడిపోతే విడిచిందని అంటారు. దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయడం నాకు సమ్మతం కాదు. కళ్లముందు తేల్చుకోవాలన్న కోరిక అందులో ఉంది; పరీక్షే సగంలో ఆగిపోయింది. మిగతా సగం మర్నాడు అదే రోకలితో చేయాలి. అడుగున పొన్ను చదునుగా ఉంటే, ఓపిగ్గా నిలబెట్టిన రోకలి ఏ రోజైనా నిలుస్తుంది. ఈ మాట బయటివాళ్లు వచ్చి చెబితే వాదన పెరుగుతుంది. పక్కింటి పెద్దమ్మ తన చేత్తో నిలబెట్టి చూస్తే ఇక వాదించేదేముంటుంది? అందుకే గ్రహణాన్ని ఇంటిల్లిపాదీ, ఇరుగుపొరుగూ కలిసి చూడాలి.

సరంజామా కూడా ఇంట్లోనే ఉంది. 2020 జూన్ 21 నాటి గ్రహణం మన ప్రాంతంలో మిట్టమధ్యాహ్నానికి సూర్యుణ్ణి సగం మేర కమ్మింది. అలాంటి వేళ ఎండ కాస్తే, వేపచెట్టు కింద ఆకుల సందుల్లోంచి పడే ప్రతి వెలుగుచుక్కా నెలవంకలా మారుతుంది. జల్లెడను తల ఎత్తున పట్టుకుంటే నేల మీద అవే వంకలు వరుసగా పడతాయి. గుండుసూదితో చిల్లు పొడిచిన అట్టముక్క చాలు, సూర్యుడి వైపు వీపు పెట్టి చూడొచ్చు. కంటికి ప్రమాదమన్న పెద్దల భయం మాత్రం అక్షరాలా నిజం. రెటీనా కాలినా నొప్పి తెలియదు. ఎక్స్‌రే ఫిల్ములు, మసి పట్టించిన గాజు, పసుపు నీళ్లలో ప్రతిబింబం, ఏవీ కాపాడవు. నేరుగా చూడాలంటే ఐఎస్ఓ 12312-2 ప్రమాణమున్న అద్దాలే పెట్టుకోవాలి.

గర్భిణుల మాటేమిటని అడుగుతారు. చంద్రుడు అడ్డొస్తే ఎండ తగ్గుతుంది తప్ప కొత్త కిరణం పుట్టదు. వాళ్లకు గంటల తరబడి అన్నం, నీళ్లు లేకుండా ఉండటమే కష్టం. గ్రహణం చూడటం ఆచారానికి ఎదురు కాదా అంటే, పట్టు, మధ్యం, విడుపు వేళల్ని లెక్కగట్టి ఇచ్చేది పంచాంగమే. చంద్రుడే సూర్యుణ్ణి కప్పుతాడని ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటికే రాశాడు. స్నానం చేసేవాళ్లు చేయవచ్చు, చూసేవాళ్లు చూడవచ్చు. శాస్త్రవేత్తలుండగా మనకెందుకనే మాటా వినిపిస్తుంది. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ గ్రహణాన్ని ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపూర్ వేధశాల పరిశీలించింది. కానీ దర్భ వేయని కూర చెడుతుందా అన్నది మన వంటింటి ప్రశ్న. రెండు గిన్నెలు పక్కపక్కన పెట్టి మనమే తేల్చుకోవాలి.

2027 ఆగస్టు 2న ఈజిప్టులోని లక్సర్ దగ్గర ఆరు నిమిషాలకు పైగా సూర్యుడు పూర్తిగా కనుమరుగవుతాడు. ఆ సాయంత్రం మనకు పాక్షికంగానే కనిపిస్తుంది, అదీ వాన మబ్బు దయ తలిస్తే. అయినా ఇరుగుపొరుగును ఇప్పుడే పిలిచి పెట్టుకోవాలి. పిల్లలకు జల్లెడ, పెద్దలకు రోకలి అప్పగించి, మర్నాడూ రమ్మనాలి.