పదిమంది నడుమ కుదిరే అక్షరం

చేతిరాత బాగుపడాలంటే రోజూ ఒక పేజీ రాయమని ఇంట్లో పెద్దలు చెబుతారు, బళ్ళో అయ్యవార్లూ అదే చెబుతారు. ఆ మాటలో అబద్ధం లేదు గానీ, ఉన్నది సగం నిజమే. మన ఊళ్ళలో రామకోటి రాసేవాళ్ళు ఎంతమంది ఉన్నారో అందరికీ తెలుసు. ఒకే పేరును వేలసార్లు, లక్షలసార్లు ఓపికగా రాస్తారు. అంత రాసినా మొదటి పుస్తకంలోని ‘శ్రీ’కీ పదో పుస్తకంలోని ‘శ్రీ’కీ సాధారణంగా రూపంలో పెద్ద మార్పు ఉండదు. మారితే, వేగం పెరిగి ఇంకాస్త జారి ఉంటుంది. రామకోటికి అది లోపం కాదు. ఆ రాత భక్తి కోసం, చూసేవాళ్ళ కోసం కాదు. అక్షరం అందంగా కుదరాలని కోరుకునేవాళ్ళు మాత్రం దీన్నుంచి ఒక సంగతి గ్రహించాలి. చేయి ఎంత తిరిగినా, పక్కన కూర్చుని ‘ఈ సుడి మూసుకుపోయింది, ఈ వొత్తు దూరం జరిగింది’ అని చెప్పే కన్ను లేకపోతే రాత ఉన్నచోటే ఉంటుంది. అందమైన రాత ఒంటరి సాధనతో రాదనీ, పదిమంది కూడి రాసేచోట పుడుతుందనీ, తెలుగుకు ఆ కూడిక మరీ అవసరమనీ నా వాదన. అలాంటి సంఘం పెట్టుకోవడానికి మన అనంతపురం సీమకు ఉన్నన్ని కారణాలు వేరే చోట్లకు లేవని కూడా అంటాను.

మొదటి సాక్ష్యం మన బండలే. గుత్తికి దగ్గర్లో, పత్తికొండ దారి పక్కన ఎర్రగుడి కొండమీద అశోకుడి శాసనాలున్నాయి. పాలనలో అది కర్నూలు జిల్లా అయినా, నేల గుత్తి నేలే. 1929 ప్రాంతంలో ఒక భూగర్భ శాస్త్రవేత్త కంటపడేదాకా లోకానికి వాటి సంగతి తెలియదు. అక్కడి చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి నడిస్తే, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. ఎందుకలా చెక్కారన్నదాని మీద పండితులు రకరకాలుగా ఊహించారు. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో రాత ఈ నేలకు కొత్తది, చేతికి ఇంకా బాట పడలేదు అన్నది నాకు తోచే కారణం. విశేషమేమంటే, ఏనుగులు నడిపేవాళ్ళూ, లేఖకులూ, బ్రాహ్మణులూ తమ తమ శిష్యులకు పాత పద్ధతి ప్రకారం నేర్పాలని అదే శాసనం ఆజ్ఞాపిస్తుంది. లేఖకుడంటే శిష్యులున్నవాడని రాజశాసనమే ఒప్పుకుంటోందన్నమాట. రాయదుర్గం దాటి మొళకాల్మూరు తాలూకాలోకి వెళితే బ్రహ్మగిరి, సిద్దాపుర, జటింగ రామేశ్వర శాసనాలు కనిపిస్తాయి. వాటి చివర చపడ అనే లేఖకుడు తన పేరు చెప్పుకున్నాడు. తన వృత్తిని తెలిపే మాటను మాత్రం వాయవ్య భారతంలో వాడే ఖరోష్ఠి లిపిలో, కుడి నుంచి ఎడమకు రాశాడు. ఈ చుట్టుపట్ల పేరు తెలిసిన తొలి రాతగాడు రెండు లిపులు చేతపట్టుకుని ఎక్కణ్ణుంచో వచ్చినవాడు. ఆ తర్వాత ఎనిమిది వందల ఏళ్ళకు, 575 ప్రాంతంలో, రేనాటి చోళులు పక్కనున్న కడప సీమలోని కలమళ్ళలో తెలుగులో శాసనం వేయించారు. ఇంతకాలం అక్షరం ఒక చేతినుంచి ఇంకొక చేతికి అందుతూనే వచ్చింది. ఎవరికి వారు ఇంట్లో కూర్చుని కనిపెట్టుకున్నది కాదు.

సరే, నేర్పేవాళ్ళూ నేర్చుకునేవాళ్ళూ ఏ భాషకైనా ఉంటారు, తెలుగుకు ప్రత్యేకంగా సంఘం దేనికి? దీనికి జవాబు పనిముట్టులో ఉంది. మన పూర్వులు తాటాకు మీద గంటంతో రాశారు. గంటం ఆకును గీరుతుంది, తర్వాత మసి పూసి తుడిస్తే గీత తేలుతుంది. ఆ గీత మొదటినుంచి చివరిదాకా ఒకే మందం. లావూ సన్నం తేడాతో నిండుగా కనిపించే తెలుగు అక్షరం ఎక్కువగా అచ్చుపోత చలవ. కాబట్టి వాలుగా చెక్కిన కలం చేతబట్టి తెలుగు రాసేటప్పుడు ఏ గీత లావుగా పడాలి, ఏది సన్నబడాలి, కలాన్ని ఎంత వాలుగా పట్టాలి అన్న ప్రశ్నలకు తరతరాలుగా స్థిరపడిన జవాబు మనకు అందలేదు. ఉర్దూ రాసేవాళ్ళ స్థితి వేరు. నస్తాలీఖ్ రాతలో కలం మొన వేసే చుక్కే కొలబద్ద. ఏ అక్షరం ఎన్ని చుక్కల ఎత్తు, ఏ వంపు ఎన్ని చుక్కల వెడల్పు అని ఉస్తాదు శిష్యుడికి లెక్కచెప్పి నేర్పుతాడు. మనకు ఆ లెక్క లేదు. ‘ప’కు తలకట్టు విడిగా ఉంటుంది, ‘వ’కు కలిసి ఉంటుంది. ఆ సందు మూసుకుపోతే ‘పల్లె’ ‘వల్లె’ అవుతుంది. ఆ సందు ఎంత ఉండాలి? ‘రాష్ట్రం’ అని రాస్తే కింద రెండు వొత్తులు దిగుతాయి, పక్క పంక్తిలోని గుడులతో గుద్దుకుంటాయి. పంక్తికీ పంక్తికీ ఎంత ఎడం ఇవ్వాలి? ఇవన్నీ తేలని ప్రశ్నలు. ఒక మనిషి వీటికి జవాబు కనుక్కుంటే అది అతని శైలి అవుతుంది. పదిమంది ఒకే మాటను పది రకాలుగా రాసి, పక్కపక్కన పెట్టి, ఏళ్ళ తరబడి తర్కించుకుంటేనే అది పద్ధతి అవుతుంది. బాపు రాతను చూడండి. అంత సొగసైన చేయి ఈ కాలంలో తెలుగుకు మరొకటి దొరకలేదు. అనుకరించినవాళ్ళు ఎందరో ఉన్నారు. ఆ గీత అక్కడే ఎందుకు తిరిగిందో, ఆ వొత్తు అంతే ఎందుకు దిగిందో కూర్చుని విడమరచుకున్న గుంపు మాత్రం నాకు కనిపించలేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావడం సహజం. వెనకటి కాలంలో రాయడం వృత్తిగా ఉన్నవాళ్ళు ఉండనే ఉన్నారు కదా, వాళ్ళదీ ఒక కూటమే కదా అని. ఉన్నమాటే. గ్రామ కరణాల గొలుసుకట్టు రాత ఆ కూటమిలోంచి వచ్చిందే. కలం ఎత్తకుండా అక్షరాన్ని అక్షరానికి తగిలిస్తూ లెక్కలూ దస్తావేజులూ రాసుకుంటూ పోయేవాళ్ళు. వేగానికి అది గొప్ప సాధనం. అయితే ఆ విద్య కొన్ని కుటుంబాల లోపలే తిరిగింది. బయటి రైతుకు తన పొలం కాగితం తనకే అంతుపట్టేది కాదు. 1984లో రాష్ట్ర ప్రభుత్వం కరణాల వ్యవస్థను రద్దు చేశాక నేర్పేవాళ్ళూ నేర్చుకునేవాళ్ళూ కరువై, ఇవాళ ఆ రాత చదవగలిగినవాళ్ళే అరుదయ్యారు. పుట్టుకతో తలుపులు మూసుకున్న కూటమిలో రాత ఎంత చురుకైనా ఆఖరికి దానితోపాటే పోయింది. అందుకే నేను కోరే సంఘానికి మొదటి షరతు, తలుపులు తెరిచి ఉండడం. ఏ కులంవాళ్ళయినా, ఆడవాళ్ళయినా మగవాళ్ళయినా, బడి ముఖం చూడనివాళ్ళయినా వచ్చి కలం పట్టుకునే చోటు కావాలి. శతాబ్దాలపాటు రాతను కొందరికే దక్కించిన నేల మీద ఈ షరతును చిన్నదిగా చూడకూడదు.

ఫోన్లూ కంప్యూటర్లూ ఉండగా చేతిరాత దేనికని అడిగేవాళ్ళు తాము రోజూ చూసే అక్షరాలు ఎక్కడివో ఆలోచించాలి. లండన్‌లో ఎడ్వర్డ్ జాన్‌స్టన్ అనే ఆయన 1899లో ఒక చిన్న తరగతి మొదలుపెట్టాడు. వెడల్పు మొన కలంతో రాసే పాత విద్య అప్పటికి దాదాపు చచ్చిపోయింది. మ్యూజియంలోని ప్రాచీన ప్రతులను చూస్తూ, శిష్యులతో కలిసి రాసి చూస్తూ దాన్ని తిరిగి నిలబెట్టాడు. తెలుసుకున్నదంతా 1906లో పుస్తకంగా రాశాడు. 1916లో లండన్ పాతాళ రైళ్ళ కోసం ఆయన గీసిన అక్షరమాల వారసత్వం ఆ నగరంలో ఇప్పటికీ కనిపిస్తుంది. 1921లో ఆయన శిష్యులు లేఖకుల సంఘం పెట్టుకున్నారు, అది నేటికీ నడుస్తోంది. కలం పట్టినవాళ్ళ గదిలోంచే అచ్చుకూ రైల్వే బోర్డుకూ అక్షరం వెళ్ళింది. మన సంగతికే వస్తే, విండోస్‌తో పాటు వచ్చిన ‘గౌతమి’ తెలుగు ఫాంటు వెనుక ఉన్న ప్రధాన రూపశిల్పి ముంబైకి చెందిన ఆర్.కె. జోషి. ఆయన కలం పట్టి రాసే కళాకారుడు, ఎందరికో నేర్పిన అధ్యాపకుడు. ఆ తర్వాత సిలికానాంధ్ర చొరవతో పెద్దన, ధూర్జటి, శ్రీకృష్ణదేవరాయ వంటి పేర్లతో ఉచిత ఫాంట్లు వచ్చాయి. పేర్లు మన రాయలవారి ఆస్థానానివి, సంతోషం. రేపటి ఫాంట్లకు గీత ఇచ్చే చేతులు కూడా ఈ సీమ నుంచి రావాలని కోరుకోవడం అత్యాశ కాదు.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం వేరే ఉంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల అటూ ఇటూ వాన పడే నేల ఇది. వేరుశనగ ఎండిపోతే జనం మూటాముల్లె కట్టుకుని బెంగుళూరు బస్సు ఎక్కుతారు. ఇక్కడ అక్షరాల సొగసు గురించి మాట్లాడడం తగునా? ఈ ప్రశ్నను నేను గౌరవిస్తాను. అయితే దాని వెనక ఒక నమ్మకం దాగుంది, కరువుసీమ మనిషికి కూడు తప్ప వేరే ఆకలి ఉండదని. ఈ సీమ చరిత్ర ఆ నమ్మకాన్ని ఒప్పుకోదు. ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో కుటుంబాలకు కుటుంబాలు మేకతోలు మీద గీతలు గీసి, ఉలులతో రంధ్రాలు కొట్టి, రంగులద్ది తోలుబొమ్మలు చేస్తున్నాయి. ఆటకు ఆదరణ తగ్గితే అదే పనితనాన్ని దీపాల గొడుగుల మీదికి మళ్ళించి బతికించుకున్నారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ గీత నిలబడింది ఇంటిల్లిపాదీ కూర్చుని చేసే పని కాబట్టే. పంతొమ్మిదో శతాబ్దం చివర బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరసవినోదినీ సభ పెట్టి నాటకాలాడించింది కూడా కరువులకు కొత్త కాని ఈ దత్తమండలంలోనే. పగలు కోర్టుల్లో పనిచేసుకునేవాళ్ళు సాయంత్రం కూడి ఒక కళను నిలబెట్టారు. అక్షర సాధనకు బోరుబావి అక్కర్లేదు. వెదురుపుల్ల చెక్కుకుంటే కలం, దీపం మసీ బంకా కలిపితే సిరా, వెనకవైపు ఖాళీగా ఉన్న కాగితం ఉంటే సరి. చేతిలో డబ్బు లేని ఊరు కూడా నడుపుకోగలిగిన సంఘం ఇది.

ఈ సీమకు ఇంకో సంపద ఉంది, దాన్ని మనం సంపదగా లెక్కపెట్టుకోవడం లేదు. మడకశిర, రాయదుర్గం వైపు కన్నడం వినిపిస్తుంది. హేమావతి శాసనాలు కన్నడంలోనే ఉన్నాయి. కదిరి, హిందూపురం, పెనుకొండల్లో ఉర్దూ ఉంది. తెలుగు, కన్నడ అక్షరాలు ఒకే లిపిలోంచి విడిపోయినవి కాబట్టి, పక్కపక్కన రాస్తే ఎక్కడ తలకట్టు దారి మార్చుకుందో చేయే చెబుతుంది. ఇక ఉర్దూ చేతిరాత బతికున్న విద్య. చెన్నైలో 1927లో పుట్టిన ‘ది ముసల్మాన్’ దినపత్రికను దశాబ్దాలపాటు కాతిబులనే లేఖకులు ఒక చిన్న గదిలో కలిసి కూర్చుని, పేజీ పేజీ చేత్తో రాసి అచ్చుకిచ్చారు. అంత ఒడుపు పక్క బల్ల మీద చూస్తూ నేర్చుకున్నదే. కొలత లేని తెలుగు రాతకు చుక్కతో కొలిచే పద్ధతిని అరువు తెచ్చుకోవచ్చా అన్నది ఉర్దూ రాసే చేయి పక్కన కూర్చున్నప్పుడే తేలుతుంది. మూడు లిపులు ఒక బల్ల చుట్టూ చేరగలిగిన చోట్లు మన రాష్ట్రంలో ఎన్నో లేవు.

సంఘాలంటేనే మొదట ఉత్సాహం, ఆనక కబుర్లు, చివరికి సన్మానాలు అని విసుక్కునేవాళ్ళున్నారు. వాళ్ళ విసుగుకు ఆధారం ఉంది. అందుకే పోటీలూ బహుమతులూ వద్దంటాను. బహుమతి పెట్టగానే అందరూ తమకు వచ్చిన అక్షరాలే రాస్తారు, రానివి దాచిపెడతారు. నేర్చుకోవడం అక్కడితో ఆగిపోతుంది. వారానికి ఒక మాట తీసుకోవాలి, అందరూ అదే మాట రాయాలి. మొదటి పావుగంట సున్నలూ తలకట్లూ కొమ్ములూ మాత్రమే. రాసిన కాగితాలన్నీ పేర్లు లేకుండా ఒక బల్ల మీద పరచాలి. తలకిందులుగా తిప్పి చూస్తే మాట అర్థం కనుమరుగై, ఎక్కడ ఖాళీ ఎక్కువైందో, ఎక్కడ ఇరుకైందో తెలిసిపోతుంది. బాగులేదని మాత్రమే అనేసి ఊరుకోకూడదు, ఎక్కడ బాగులేదో వేలుపెట్టి చూపాలి. పదోతరగతి పిల్లవాడు రిటైరైన మాస్టారి ‘ఘ’ను తప్పుపట్టగలిగిన రోజు ఆ సంఘం నిలబడినట్టు. నేర్పేవాళ్ళను దూరం నుంచి తేనక్కర్లేదు. ఫ్లెక్సీలు వచ్చి పని పోగొట్టుకున్న సైన్‌బోర్డు పెయింటర్లు మన ప్రతి పట్టణంలో ఉన్నారు. గోడమీద నూలుదారం పట్టి, సుద్దతో గీతలు కొట్టి, నాలుగడుగుల అక్షరాన్ని కంటి అంచనాతో నిలబెట్టిన చేతులవి. తెలుగు అక్షరం ఎత్తూ వెడల్పూ గురించి వాళ్ళకు తెలిసినంత ఏ పుస్తకంలోనూ లేదు. వాళ్ళను అతిథులుగా పిలిచి శాలువా కప్పి పంపేయకుండా, గురువులుగా కూర్చోబెట్టి గంటకింత అని ఇవ్వాలి.

తాళ్ళపాక వారు రాగిరేకుల మీద చెక్కించిన సంకీర్తనలు తిరుమల భాండాగారంలో శతాబ్దాలపాటు ఉండిపోయాయి. వాటిని చదివి, పరిష్కరించి లోకానికి అందించినవాళ్ళలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ ఒకరు. ఆయన 1893లో మన జిల్లా రాళ్ళపల్లిలోనే పుట్టారు. చెక్కినవాళ్ళ చేయి అంత నిలకడగా లేకపోతే అన్నమయ్య మనకు ఇంతగా దక్కేవాడు కాదు. ఆ నిలకడ మళ్ళీ రావాలంటే ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి. అనంతపురం, గుత్తి, ధర్మవరం, కదిరి, హిందూపురం గ్రంథాలయాల బాధ్యులకు నా విన్నపం ఇదే. వారంలో ఒక సాయంత్రం ఒక పొడవాటి బల్లా, మంచి దీపమూ ఇవ్వండి. ఊళ్ళోని ఒక పెయింటర్‌ను గురువుగా పెట్టండి. ఉర్దూ, కన్నడం రాసేవాళ్ళను కూడా రమ్మనండి. మొదటి వారం ముగ్గురే వచ్చినా ఆపకండి.