ఎద్దు కడుపు ఎరిగిన చెయ్యి

కృష్ణా డెల్టాలోని చెరుకుపల్లి, రేపల్లె, తెనాలి ప్రాంతాల్లో దుక్కిని ట్రాక్టరుకూ, కోతను యంత్రానికీ, మోతను లారీకీ అప్పజెప్పిన తరువాత ఎద్దుకు పొలంలో చేయవలసిన పని దాదాపుగా మిగలలేదు. అయినా అక్కడక్కడ కొన్ని లోగిళ్ళలో ఒక జత ఒంగోలు ఎడ్లు ఇంటి మనుషులకంటె ముందు కడుపు నింపుకొని, ఇంటి మనుషులకంటె శ్రద్ధగా నీళ్ళు పోయించుకొని, పండుగలకూ తిరునాళ్ళకూ జరిగే బండలాగుడు పోటీల కోసమో, ఏ పోటీకీ వెళ్ళకుండా ముంగిట నిలబడితే కళ్ళకు నిండుగా ఉంటాయనో పెరుగుతూనే ఉన్నాయి. ఇందులో కొంత దర్పం ఉన్నమాట కాదనలేనిది. ఆ దర్పం కింద మాత్రం తరతరాలుగా చేతినుంచి చేతికి వచ్చిన విద్య ఒకటి ఉంది. దానికి ఈ ప్రాంతపు రైతు పెట్టుకున్న పేరు ‘మేపు’. మేపు అంటే మేత వేయడం ఒక్కటే కాదు. ఏ పూట ఏది, ఎంత, దేని తరువాత వేయాలో పశువును చూసి నిర్ణయించడం, ఆ నిర్ణయం తప్పితే మరునాడు పేడలో చదివి దిద్దుకోవడం కూడా అందులో భాగమే.

ఒంగోలు జాతి పుట్టిల్లు డెల్టా కాదు. గుండ్లకమ్మ, మూసీ, పాలేరు, మన్నేరు పారే మెట్ట ప్రాంతం. తెల్లని మేను, పొట్టి కొమ్ములు, కాటుక పెట్టినట్టున్న కళ్ళు, ఎత్తైన మూపురం, మెడ కింద మడతలు మడతలుగా వేలాడే గంగడోలు, నల్లని తోక కుచ్చు ఈ జాతి గుర్తులు. వదులుగా వేలాడే చర్మం ఒంటి వేడిని బయటికి పంపడానికి తోడ్పడుతుంది కనుకనే ఈ పశువు రోహిణి కార్తె ఎండను తట్టుకొని నిలుస్తుంది. మెట్టలో దీనికి జొన్నచొప్ప, బీడుల్లో పచ్చగడ్డి సహజంగా దొరికేవి. డెల్టాలో కథ వేరు. 1855లో బెజవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తయి కాలువలు పల్లపు భూములకు చేరిన కొద్దీ బీడు మాగాణి అయింది, పశువు నోటికి మిగిలింది వరిగడ్డి.

వరిగడ్డి కడుపు నింపుతుంది గాని ఒంటికి పట్టదు. అందులో మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్ళకు మించవు, ఇసుకలో ఉండే సిలికా ఎక్కువ, పైగా అందులోని ఆక్సలేట్లు సున్నపు ధాతువును, అంటే క్యాల్షియాన్ని, ఒంటికి అందకుండా పట్టి ఉంచుతాయి. ఈ రసాయన శాస్త్రం తెలియని కాలంలోనే డెల్టా రైతు దీనికి విరుగుడు కనిపెట్టుకున్నాడు. వరి కోతకు కొద్ది రోజుల ముందు, మడిలో ఇంకా తేమ ఉండగానే, నిలిచి ఉన్న పైరులోనే జనుము, పిల్లిపెసర విత్తనాలు చల్లేవాడు. వరి కోసేసరికి అవి మొలిచి ఉండేవి. గాలిలోని నత్రజనిని వేరు బుడిపెలలో నిలువ చేసుకొనే ఈ పప్పుజాతి పైర్లు అటు నేలకు ఎరువు, ఇటు పశువుకు మాంసకృత్తులున్న పచ్చిమేత. పచ్చిగా మేపగా మిగిలినదాన్ని ఎండబెట్టి, వామి వేసేటప్పుడు వరిగడ్డి పొరల మధ్య పరచడం మరో తెలివి. ఎండుగడ్డి లాగే పశువు నోటికి ప్రతి పరకతోనూ కొంత జనుము అందుతుంది. ఇప్పుడు వరి తరువాత ఆ భూముల్లో చాలా చోట్ల దుక్కి లేకుండానే మొక్కజొన్న, జొన్న వేస్తున్నారు, కోత యంత్రం గడ్డిని నలిపి చేలోనే వదులుతోంది. జనుము చల్లే చెయ్యి తగ్గిపోవడం ఎడ్ల మేపుకు తగిలిన దెబ్బల్లో అన్నింటికంటె పెద్దది, ఎందుకంటే దాని స్థానాన్ని దుకాణంలో కొనే దాణా సంచీ పూర్తిగా భర్తీ చేయలేదు.

గడ్డి పునాది అయితే, పని ఎద్దుకూ పోటీ ఎద్దుకూ బలమిచ్చేది ఉలవ. ఉలవలో మాంసకృత్తులు నూటికి 22 పాళ్ళ దాకా ఉంటాయి, తొక్క మాత్రం రాయిలాంటిది. పచ్చి గింజను అలాగే పెడితే నమలకుండా మింగిన గింజలు పేడలో గింజలుగానే బయటికి వస్తాయి. అందువల్ల సాయంత్రం నానబోసి, తెల్లవారుజామున పెద్ద డేగిసాలో నీళ్ళు ధారాళంగా పోసి, కట్టెల పొయ్యి మీద గంటల తరబడి ఉడికిస్తారు. గింజ రెండు వేళ్ళ మధ్య నొక్కితే తొక్క జారి లోపలి పప్పు మెత్తగా అణగాలి; అణగకపోతే ఇంకో రెండు కట్టెలు ఎగదోయాలి. ఉడికిన గుగ్గిళ్ళను జల్లిబుట్టలో వార్చి, ఆరనిచ్చి, తవుడూ తెలగపిండీ కలిపి, కాసింత ఉప్పు చల్లి తొట్టిలో పోస్తారు. తెలగపిండి అంటే నువ్వులు గానుగాడగా మిగిలిన చెక్క; మాంసకృత్తులతో పాటు వరిగడ్డి దొంగిలించిన క్యాల్షియాన్ని కొంత తిరిగి ఇచ్చేది కూడా అదే. బుట్ట కిందికి జారిన చిక్కని ఎర్రని ఉలవకట్టు వంటింటికి చేరి, చింతపండు పులుసు పడి, సన్నని సెగ మీద మరిగి ఉలవచారు అవుతుంది. ఈనాడు హైదరాబాదు హోటళ్ళలో వెన్నమీగడతో వడ్డించే ఉలవచారు ఎద్దు మేపు నుంచి మనిషి విస్తరిలోకి వచ్చిన రుచి. ఎద్దూ రైతూ ఒకే డేగిసాలో తిన్నారనడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

బలం కోసం గింజలు పెంచుకుంటూ పోవడం అనుభవం లేనివారు చేసే మొదటి పొరపాటు. పశువు మొదటి పొట్ట, అంటే రూమెన్, పెద్ద పులియబెట్టే తొట్టిలాంటిది. గడ్డిని అరిగించేది పశువు కాదు, ఆ తొట్టిలో బతికే సూక్ష్మజీవులు. ఒక్కసారిగా బియ్యమో మొక్కజొన్నపిండో ఎక్కువగా పడితే అక్కడ ఆమ్లం పెరిగి, ఆ జీవులు చచ్చి, నెమరు ఆగి, పశువు ఒక్క రాత్రిలో చేతికి రాకుండా పోవచ్చు. సుమారు 500 కిలోల ఎద్దుకు రోజుకు తడి తీసిన లెక్కన 10 నుంచి 12 కిలోల మేత సరిపోతుంది, అందులో సగానికి పైగా పీచు ఉండాలి. పాతకాలపు మేపరి ఈ లెక్కను మరోలా పాటిస్తాడు. ముందు గడ్డి, తరువాత నీళ్ళు లేదా బియ్యం కడిగిన నీళ్ళూ గంజీ చేరిన కుడితి, ఆ తరువాతే గుగ్గిళ్ళు. కొత్త మేత ఏదైనా పది రోజుల పాటు పిడికెడు పిడికెడుగా పెంచడం. రోజూ ఉదయం ఎడమ డొక్క మీద అరచెయ్యి ఆనించి, లోపల పొట్ట మెల్లగా కదిలే అలను పట్టి చూస్తాడు. పేడ కుప్పగా పడి అంచులు మడత పడితే మేపు సరిగా ఉన్నట్టు, పలుచబడి పుల్లని వాసన వేస్తే గింజ ఎక్కువైనట్టు, గట్టి ఉండలుగా పడితే నీళ్ళు చాలనట్టు. వేసవిలో ఎద్దు రోజుకు 40 లీటర్లకు పైగా తాగుతుంది కనుక ఈ చివరి లోపమే తరచుగా కనబడుతుంది.

పచ్చిమేతలోనూ ప్రమాదం ఉంది. నీరందక వాడిన లేత జొన్న, కోసిన తరువాత మోడునుంచి లేచే పిలక జొన్న తింటే పశువు ఊపిరాడక నిమిషాల్లో పడిపోతుంది. ఆ లేత ఆకులో ఉండే పదార్థం నమిలినప్పుడు హైడ్రోసయనిక్ ఆమ్లంగా, అంటే సయనైడు విషంగా మారడం దీనికి కారణం. పూత దశ దాటిన జొన్నలోనూ, బాగా ఎండిన చొప్పలోనూ ఆ భయం చాలావరకు ఉండదు. వరి వెనుక జొన్న వేయడం పెరిగిన ఈ పల్లెల్లో, కోత కోసిన చేలోకి పలుపు విప్పి తోలే ముందు ఈ ఒక్క సంగతి గుర్తుంటే ఎన్నో గొడ్లు దక్కుతాయి.

ఒంటి సంరక్షణ గురించి చెప్పవలసినవి రెండు. మొదటిది గిట్ట. ఎద్దు గిట్ట చీలి ఉంటుంది కనుక గుర్రానికిలా ఒక్క లాడం కాక, ప్రతి చీలికకూ ఒకటి చొప్పున సన్నని ఇనుప రేకు కొడతారు. కాళ్ళకు తాడు వేసి పశువును మెత్తని నేల మీద పడుకోబెట్టి, పెరిగిన గిట్టను చెక్కి చదును చేసి, మేకును ప్రాణం లేని అంచు భాగంలోంచి మాత్రమే బయటికి వచ్చేట్టు వంచి కొడతారు. ఒక్క గోరు వెడల్పు లోపలికి పోతే ఎద్దు నెల రోజులు కుంటుతుంది. రెండవది మెడ. కాడి మోసే చోట చర్మం గట్టిపడి కాయ కాయడం వేరు, ఒరిసి పుండు కావడం వేరు. మెడ చెమట ఆరకముందే కాడి దింపి నీళ్ళు కొట్టకూడదనీ, పుండు కనిపిస్తే మానేదాకా కాడి కట్టకూడదనీ మంచి రైతు నియమం. గాలికుంటు, గొంతువాపు, జబ్బవాపు వ్యాధులకు టీకాలు సమయానికి వేయించడం ఇప్పుడు ఈ పాత నియమాల పక్కన చేరింది, చేరవలసిందే.

బండలాగుడు పోటీల్లో జతలను పళ్ళను బట్టి విభాగిస్తారు. పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అన్నవి వయసుకు గుర్తులు. సుమారు రెండు రెండున్నర ఏళ్ళకు ముందరి పాలపళ్ళు రాలి మొదటి జత శాశ్వత పళ్ళు వస్తాయి. బండ బరువును క్వింటాళ్ళలో, నిర్ణీత సమయంలో లాగిన దూరాన్ని అడుగుల్లో లెక్కిస్తారు. ఎద్దు శక్తికి ఇది పరీక్ష అనేవారున్నారు. అయితే చర్నాకోల దెబ్బతోనూ ములుకు పోటుతోనూ లాగించిన దూరం మేపుకు గొప్ప కాదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం అటువంటి హింసను నేరంగా చెబుతోంది, 2014 మే 7న జల్లికట్టు, ఎడ్ల పందేలపై సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఆ చట్టాన్నే ఆధారం చేసుకుంది. మాటకు కదిలే ఎద్దును తయారు చేసినవాడే ఈ విద్యలో పెద్దవాడు. దాపట ఎద్దుకూ వలపట ఎద్దుకూ పేరు పెట్టి పిలిచి, పిలిచిన పేరుకు చెవి తిప్పేలా పెంచినవాడికి కర్ర అవసరం పడదు.

ఈ జాతి విలువ సముద్రాలు దాటి రుజువైంది. నెల్లూరు పేరు మీద బ్రెజిల్‌లో నెలోర్‌గా స్థిరపడిన ఒంగోలు సంతతి ఇప్పుడు ఆ దేశపు పశుసంపదలో అధిక భాగం. 1960ల తొలినాళ్ళలో ఒంగోలు దగ్గరి కరవది నుంచి వెళ్ళిన ఆబోతు అక్కడ ఊరి పేరుతోనే ప్రసిద్ధమైంది, వియాటినా-19 అనే నెలోర్ ఆవు ప్రపంచంలోనే అత్యంత ఖరీదైనదిగా గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. గుంటూరు దగ్గరి లాం ఫారంలో ఈ జాతి శుద్ధిని కాపాడే పరిశోధన సాగుతోంది. వీర్యాన్ని ద్రవ నత్రజనిలో దాచవచ్చు గాని మేపును అలా దాచే వీలు లేదు. అది ఉలవను వేళ్ళ మధ్య నొక్కి చూసేవాడి దగ్గర, డొక్క మీద చెయ్యి పెట్టేవాడి దగ్గర మాత్రమే ఉంటుంది, వాడి పక్కన నిలబడి చూసినవాడికి మాత్రమే అందుతుంది.

రాత్రి భోజనాలయ్యాక మేపరి చివరిసారి చావిట్లోకి వెళతాడు. కాళ్ళు మడిచి పడుకున్న ఎద్దు గొంతులోంచి ఒక ముద్ద పైకి వస్తుంది, దవడ పక్కకు తిరుగుతూ నమలడం మొదలవుతుంది. అతను దీపం దూరంగా పట్టుకొని నమిలే లెక్క చూస్తాడు. నలభై దాటి యాభై దగ్గరికి వచ్చాక ఆ ముద్ద దిగి ఇంకొకటి లేస్తే, దీపం తగ్గించి వెనక్కి తిరుగుతాడు.